కంపెనీ దాచిన స్పీడు

నాందేడ్‌లో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. వెంకటి నంబరు అడిగితే మాత్రం ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత నంబరు ఇస్తారు. పనిలో వంక పెట్టడానికి లేదు. అప్పగింతల వేళ ఎవరు నిజంగా ఏడుస్తున్నారో, ఎవరు కెమెరా కోసం ఏడుస్తున్నారో దూరం నుంచే పసిగట్టి, నిజంగా ఏడ్చేవాళ్ల మీదికే కెమెరా తిప్పే మనిషి. జనం నవ్వేది అతని పనిని చూసి కాదు, అతని నమ్మకాన్ని చూసి.

ఏ వస్తువైనా సరే, దాన్ని తయారుచేసిన కంపెనీ దాని బలమంతా మనకివ్వదని వెంకటి నమ్మకం. కొంత లోపల దాచిపెట్టి మిగిలింది అమ్ముతుంది. ఆ దాచింది బయటికి లాగడం కొన్నవాడి బాధ్యత.

ఈ నమ్మకం అతన్ని సొంతూరు కర్ఖేలిలో ఉండగా, మీసాలు వచ్చీరాని వయసులోనే పట్టుకుంది. మేనమామ పాత మోపెడ్ ఒకటి ఇంట్లో ఉండేది. దాని కార్బురేటర్ విప్పి, పెట్రోలు దిగే రంధ్రాన్ని దబ్బనంతో పెద్దది చేసి, సైలెన్సర్ లోపలి జాలీ పీకేసి, స్నేహితుడు మారోతిని వెనక ఎక్కించుకుని ధర్మాబాద్ బయల్దేరాడు. మోపెడ్ నిజంగానే ఎన్నడూ లేనంత వేగంగా పరుగెత్తింది. ఎంత వేగంగా అంటే మారోతి సాక్ష్యం చెప్పలేడు, ఎందుకంటే అతను సగం దారిలోనే, మోపెడ్ ఆగకముందే, దిగిపోయాడు.

పెళ్లై నాందేడ్ వచ్చాక అతని చూపు కుక్కర్ మీద పడింది. విజిల్ బరువు పెంచితే లోపల ఆవిరి ఇంకా గట్టిపడుతుందనీ, పప్పు సగం గ్యాసుకే ఉడుకుతుందనీ లెక్క వేసి, విజిల్‌కు ఒక ఇనుప నట్టు కట్టాడు. ఆ రోజు పప్పు వంటింటి కప్పుకు అంటుకుంది. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి వెంకటి స్టూలెక్కి, కప్పు మీది పప్పును వేలితో నొక్కి చూస్తున్నాడు.

"ఉడికింది," అన్నాడు.

అతని భార్య భాగ్యవతి ఆనాటి నుంచి వంటింట్లోకి అతన్ని నీళ్లు తాగడానికి తప్ప రానివ్వలేదు.

ఈ పెళ్లి వీడియోల పనిలో మా వైపు ఎడిటింగ్ అనే మాట ఎవరూ వాడరు, మిక్సింగ్ అంటారు. గులాబీ పువ్వు విచ్చుకుంటే లోపల పెళ్లికూతురు మొహం కనిపించడం, తాళి కట్టేటప్పుడు పైనుంచి వెలుగు రాలడం, అన్నీ మిక్సింగ్‌లోనే జరుగుతాయి. వెంకటి ఆ పని తన ఇంటి ముందుగదిలో చేసేవాడు. క్యాసెట్ల కాలం నుంచి చేస్తున్న పనే గాని, డ్రోన్లు వచ్చాక, బొమ్మలోని ప్రతి వెంట్రుకా కనపడాలని పార్టీలు అడగడం మొదలయ్యాక, అతని కంప్యూటర్ చేతులెత్తేసింది. ఒక పెళ్లి వీడియో తయారు చేయమని దానికి చెప్పి, వజీరాబాద్ చౌరస్తాకు వెళ్లి చాయ్ తాగి, అక్కడి నుంచి ఒక బారసాలకు వెళ్లి తిని, కాసేపు కూర్చుని తిరిగొచ్చినా తెర మీది గీత సగం దాటేది కాదు.

ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ ఈ బాధ కూతురు శ్రద్ధకు చెప్పుకున్నాడు. శ్రద్ధ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదువుతోంది.

"గ్రాఫిక్స్ కార్డు లేదు గద బాపూ దానికి. నీ ఎఫెక్టులన్ని ఒక్క ప్రాసెసర్ మీదనే పడ్తున్నయి. మంచి కార్డు ఒకటేస్తే బొమ్మల పని అదే చూస్కుంటది," అంది శ్రద్ధ ఫోన్ చూస్తూ. "ఊకె ధర జూసి కొనొద్దు. పైసకెంత పని చేస్తది, ఓవర్‌క్లాక్ ఎంత అయితది, అన్ని పోల్చి జూడాలె."

"ఓవర్‌క్లాక్ అంటే ఏంది?"

"కంపెనోడు ఒక స్పీడ్ పెట్టి అమ్ముతడు. సాఫ్ట్‌వేర్‌ల ఒక గీత ఉంటది, దాన్ని జరిపితే అంతకంటె జర ఎక్కువ స్పీడ్‌ల నడుస్తది. కొన్ని కార్డులు మస్తు పోతయి. కొన్ని అసలే పోవు."

వెంకటి చేతిలోని రొట్టె ముక్క పప్పులోనే నానిపోయింది.

"కంపెనోనికి ఎరుకనా ఈ సంగతి?"

"ఎరుక లేకేం. ఆ సాఫ్ట్‌వేర్ గూడ వాళ్లే ఇస్తరు."

వెంకటి కంచం పక్కకు జరిపాడు. ముప్పై ఏళ్లుగా ఊరంతా నవ్విన మాటను ఇవాళ కంపెనీయే ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, తాళం చెవి కూడా చేతికిస్తోంది. గొంతు సవరించుకుని వంటింటి వైపు తిరిగి, "ఇంటున్నవా?" అని కేకేశాడు.

"ఇంటున్న. కుక్కర్ జోలికైతే రాకు," అంది భాగ్యవతి లోపలి నుంచి.

మర్నాడే తండ్రీ కూతుళ్లు కంప్యూటర్ సామాన్లు అమ్మే అభయ్ దుకాణానికి వెళ్లారు. అభయ్ ఇంట్లో మరాఠీ. తెలుగు దుకాణానికి వచ్చేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. వెంకటిని కాకా అని పిలుస్తాడు. కాకా ఏదైనా కొనడానికి వస్తే ఆ పూట ఇంకో బేరం జరగదని అతనికి తెలుసు, అందుకే ముందుగానే చాయ్ చెప్పాడు.

అతను మూడు కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది మూడు ఫ్యాన్లది, ఇటుకంత ఉంది, రంగురంగుల లైట్లు. రెండోది రెండు ఫ్యాన్లది, చూడటానికి సాదాసీదా. మూడోది హైదరాబాద్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కార్డు. అంతకుముందు ఎవరో దాన్ని రాత్రింబవళ్లు డిజిటల్ నాణేలు తవ్వడానికి వాడారట. ధర మాత్రం మొదటిదానిలో మూడో వంతు లేదు.

"కాకా, సీదా చెప్తున్న. ఈ మూడు ఫ్యాన్లదే తీస్కో. స్పీడ్ అన్నిటికంటె జాస్తి," అన్నాడు అభయ్.

"స్పీడ్ ఎంతున్నదో నాకొద్దు. దీంట్ల కంపెనోడు ఎంత దాచిండు?"

అభయ్ శ్రద్ధ వైపు చూశాడు. "ఓవర్‌క్లాక్ ఎంత అయితదని అడుగుతున్నడు," అని ఆమె అర్థం చెప్పింది.

"అచ్ఛా, అదా. ఇది కంపెనీలనే ఓవర్‌క్లాక్ అయ్యి వస్తది, కాకా. నువ్వు చేసే పని లేదు."

వెంకటి మొహం చిన్నబోయింది. మూడు ఫ్యాన్ల కార్డును చేతిలోకి తీసుకుని, అప్పటికే రసం పిండేసిన చెరకు గడను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టాడు. "వాళ్లే అంత గుంజి అమ్ముతుంటే నాకేం మిగిలింది?" అన్నాడు.

శ్రద్ధ మాత్రం పరీక్ష చేసి చూడందే ఒప్పుకోనంది. పెన్‌డ్రైవ్‌లో వెంకటి తీసిన ఒక బరాత్ ఉంది. డీజే లైట్లు, పొగ, పటాకులు, మధ్యలో గుర్రం. దాన్ని మించిన బరువు ఏ కార్డుకూ పెట్టలేమని ఆమె వాదన. అభయ్ దుకాణంలోని కంప్యూటర్‌కు మూడు కార్డులనూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించాడు. ముందు కంపెనీ స్పీడులో, తర్వాత గీత జరిపి, అదే బరాత్‌ను తయారు చేయించారు. గీత కొద్దికొద్దిగా జరపడం, తెర మీద చుక్కలు వస్తున్నాయేమో చూడటం, వస్తే వెనక్కి తగ్గడం శ్రద్ధ పని. ప్రతిసారీ "ఇంకో జర్ర" అనడం వెంకటి పని.

మూడు ఫ్యాన్లది మొదటే పరుగెత్తింది గాని, గీత జరిపితే ఇంచు కదల్లేదు. రెండు ఫ్యాన్లది గీత జరిపిన కొద్దీ పోయింది, చాలా దూరం పోయింది. సెకండ్‌హ్యాండ్‌ది కూడా మొదట బాగానే పోయింది. తర్వాత దాని ఫ్యాను పిండి గిర్నీలా అరవడం మొదలుపెట్టింది. పక్క దుకాణం నుంచి ఒకతను వచ్చి ఏంటా చప్పుడు అని అడిగేలోపు తెర నల్లబడి కంప్యూటర్ మొత్తం ఆగిపోయింది. అభయ్ దాన్ని విప్పి, అట్టపెట్టెలో పెట్టి, మళ్లీ ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యలేదు.

"జూసినవా," అన్నాడు వెంకటి రెండు ఫ్యాన్ల కార్డును చూపించి. "దీంట్ల మస్తు దాచిండు."

"కని బాపూ, ఎంత గుంజినా ఇది ఆ పెద్దదాని మామూలు స్పీడ్ కాడికి గూడ రాలే."

"రాకపోనియ్. దాని స్పీడ్ కంపెనోనిది. దీని స్పీడ్ నాది."

శ్రద్ధ ఫోన్‌లో ఏవో లెక్కలు వేసింది. వేగాన్ని ధరతో భాగిస్తే, గీత జరపకపోయినా, రెండు ఫ్యాన్లదే మేలని తేలింది. ఆ మాట తండ్రికి చెప్పింది. గీత జరపకపోయినా అన్న ముక్క అతను వినలేదు. కార్డు కొని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాడు.

అది మే నెల. నాందేడ్‌లో మే నెల ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు, తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. అదే పెళ్లిళ్ల నెల కూడా. కొత్త కార్డు వచ్చాక పనులు నిజంగా తొందరగా అయ్యేవి. వెంకటి అక్కడితో ఆగితే ఈ కథే లేదు. శ్రద్ధ అతనికి ఒక నియమం చెప్పింది. గీత జరిపిన ప్రతిసారీ పరీక్ష ప్రోగ్రాం ఒకటి గంటసేపు నడపాలి, తెర మీద ఒక్క చుక్క కనిపించినా వెనక్కి తగ్గాలి. మొదటి రెండు మూడు సార్లు అతను ఆ నియమం పాటించాడు. తర్వాత అతనిదే ఒక పరీక్ష తయారైంది. కంప్యూటర్ ఆగిపోకపోతే పాసైనట్టు.

కార్డు వేడెక్కుతోందని కంప్యూటర్ డబ్బా పక్కరేకు విప్పాడు. అదీ చాలక ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలర్‌ను గదిలోకి తోసుకొచ్చి, గాలంతా డబ్బాలోకి కొట్టేలా పెట్టాడు. భాగ్యవతీ శ్రద్ధా తడిగుడ్డలు మెడకు చుట్టుకుని గుమ్మంలో కూర్చునేవారు.

"మనుషులు ఉడుకుతుంటే డబ్బకు కూలర్ పెట్టినోన్ని ఎక్కడ సూడలే," అంది భాగ్యవతి.

"డబ్బ సల్లగుంటేనే మనకు బువ్వ."

"ఆ డబ్బనే నీకు బువ్వ పెడ్తది తియ్," అని ఆమె తడిగుడ్డ మళ్లీ ముంచుకోవడానికి లేచింది.

ఆ నెలలోనే ఉమాబాయి కొడుకు పెళ్లి వచ్చింది. ఉమాబాయి వాళ్లది జూనా మోండాలో ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. కింద దుకాణం, పైన ఇల్లు. కొడుకు అనికేత్‌కు నాయ్‌గావ్ అమ్మాయి స్నేహల్‌తో సంబంధం కుదిరింది. పెళ్లి నాయ్‌గావ్‌లోని ఒక మంగళ కార్యాలయంలో, అంటే కల్యాణమండపంలో, ఘనంగా జరిగింది. వెంకటి రెండు కెమెరాలు, ఒక డ్రోన్ పెట్టి తీశాడు. పెళ్లి తర్వాత వారం తిరక్కుండానే ఉమాబాయి ఫోన్ చేసింది.

"వెంకటన్నా, వీడియో ఇయ్యాల్నే కావాలె. మా వదినె రేపు పొద్దుగాల దెగ్లూర్ పోతనంటున్నది. ఆమె చూడకుండ పోతే మల్ల అదొక మాటైతది."

వదినె అంటే ఆమె భర్తకు అక్క, పెంటవ్వ. దెగ్లూర్‌లో ఉంటుంది. ఆ వదినా మరదళ్ల మధ్య ఏడాదిగా సరిగ్గా మాటల్లేవు. పెంటవ్వ గృహప్రవేశానికి ఉమాబాయి పెట్టిన చీర మొదటి ఉతుకులోనే రంగు దిగి, పెంటవ్వ ఇంట్లోని తెల్లబట్టలన్నిటికీ గులాబీ రంగు పూసింది. అది ఉమాబాయి కావాలనే చేసిందని పెంటవ్వ అంటుంది. ఏ చీర రంగు దిగుతుందో తనకేం తెలుసని ఉమాబాయి అంటుంది. ఇప్పుడు పెళ్లి పుణ్యమా అని ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకుంటున్నారు. ఆ వీడియో చూసి పెంటవ్వ సంతోషంగా బస్సెక్కితే చాలని ఉమాబాయి కోరిక.

వెంకటి ఆ రోజు గీతను అంతకుముందెన్నడూ జరపనంత దూరం జరిపాడు. సినిమా తయారైంది. కంప్యూటర్ ఆగిపోలేదు. చూసుకోవడానికి టైం లేక, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని సాయంత్రానికి జూనా మోండా చేరుకున్నాడు.

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి బాదుషా పెట్టారు. కుటుంబమంతా టీవీ ముందు చేరింది. పెంటవ్వకు అందరికంటే ముందు, సోఫా మధ్యలో చోటు. పసుపు, ఎదురుకోలు, అన్నీ అద్దంలా వచ్చాయి. డ్రోన్ కెమెరా మంటపం మీదుగా దిగుతుంటే అనికేత్ ఈల వేశాడు. వెంకటి బాదుషా సగం కొరికి, తృప్తిగా కాళ్లు చాపుకున్నాడు.

తర్వాత ఆహేర్ వచ్చింది. బంధువులు ఒక్కొక్కరే వేదిక ఎక్కి కానుకలు ఇస్తున్నారు. పెంటవ్వ వంతు వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతిలో నగల పెట్టెతో మెట్లెక్కింది. సరిగ్గా ఆమె పైకి రాగానే మొహం మీద ఆకుపచ్చ గడి ఒకటి లేచింది. దాని పక్కన గులాబీ రంగుది ఇంకోటి. చూస్తుండగానే ఆమె మొహమంతా గళ్లలుంగీలా అయిపోయింది. గళ్ల కింద నుంచి రెండు చేతులు వచ్చి పెళ్లికూతురి మెడలో బంగారు గొలుసు వేశాయి. గళ్లు వేదిక దిగి వెళ్లిపోయాయి. వెనక వచ్చిన నాయ్‌గావ్ వాళ్ల దూరపు చుట్టం ఒకాయన మాత్రం, మీసంలో ఒక్కో వెంట్రుక లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, ఒక స్టీలు బిందె ఇచ్చి పోయాడు.

పెంటవ్వ సోఫాలో ముందుకు వంగింది.

"వెంకటీ, ఎనకకు తిప్పు," అంది పెంటవ్వ.

తిప్పాడు. మళ్లీ గళ్లు వచ్చి గొలుసు వేసి వెళ్లాయి.

"ఇంకోపారి తిప్పు."

మూడోసారి చూశాక ఆమె సోఫాలోనే వెనక్కి తిరిగి మరదలి వైపు చూసింది. "ఏమ్మా ఉమా. నీ చీర గురించి నలుగురిల అన్నందుకా ఇది?"

"అయ్యో వదినె, నాకేం తెల్వదు. తుళ్జాభవాని మీద ఒట్టు."

"బిందె ఇచ్చినోడు గూడ కనవడ్తున్నడు. తులాల గొలుసు పెట్టినదాన్ని నేనొక్కదాన్నే గడులు గడులు. ఎవరు చెప్పకుంటె ఈయన నా మొఖం ఎందుకు చెరుపుతడు?"

ఇంటాయన, అంటే ఒకరికి తమ్ముడు, ఇంకొకరికి భర్త, కింద దుకాణం తలుపు వేశారో లేదో చూసి వస్తానని అప్పటికే మెట్లు దిగిపోయాడు. వెంకటి మిగిలిన బాదుషా పక్కన పెట్టాడు. నీళ్లు తాగి చెప్పడం మొదలుపెట్టాడు. కార్డు అనేది ఒకటుంటుందనీ, దాన్ని కంపెనీ స్పీడుకంటే ఎక్కువ తోలితే వేడెక్కి, దమ్ము వచ్చి, బొమ్మ తప్పు పోస్తుందనీ.

"నన్ను జూసినంకనే వచ్చిందా దానికి దమ్ము?" అంది పెంటవ్వ.

వెంకటికి అసలు కారణం అప్పుడు తట్టింది. తట్టగానే ఇంకా ఇబ్బంది పడ్డాడు. "అక్కా, తప్పు నాదే. అందరికంటె పెద్ద ఆహేర్ నీదని నీ కాడ నక్షత్రాలు ఎక్కువ పెట్టిన. గొలుసు మెరవాలె, జరీ మెరవాలె, పైకెల్లి సుక్కలు రాలాలె అని. గంత పని ఒక్కపారే పడేసరికి కార్డు ఆగం అయింది. బిందె ఇచ్చినాయనకు నేను ఏం పెట్టలే. గందుకే మంచిగొచ్చిండు."

పెంటవ్వ అతన్ని కొంతసేపు తేరిపార చూసింది. "నక్షత్రాలా?" అంది.

"అవునక్కా."

"నాకు జూపెట్టు. నీ ఇంటికొస్త. నా కండ్ల ముంగట చెయ్యి."

పొద్దున వెళ్లాల్సిన దెగ్లూర్ బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. మధ్యాహ్నం వదినా మరదళ్లు ఇద్దరూ ఒకే ఆటోలో, ఎడమొహం పెడమొహంగా, వెంకటి ఇంటి ముందు దిగారు. భాగ్యవతి చాయ్ పెట్టింది. పెంటవ్వ ప్లాస్టిక్ కుర్చీని తెరకు రెండు జానల దూరంలోకి లాక్కుని కూర్చుంది. మిక్సింగ్ అంటే ఏమిటో ఆమె అంతకుముందు చూడలేదు. మోసం జరిగితే పట్టుకోవాలన్న పట్టుదల మాత్రం ఉంది.

శ్రద్ధ కార్డును కంపెనీ స్పీడుకు తెచ్చి, ఆహేర్ ముక్కను తయారు చేయించి, తెర మీద పెట్టింది. పెంటవ్వ మెట్లెక్కింది. మొహం మొహంలాగే ఉంది. పెట్టె తెరవగానే చుట్టూ సన్నటి నక్షత్రాలు లేచాయి, గొలుసు మీద ఒక మెరుపు పాకింది, జరీ అంచు నిప్పులా వెలిగి చల్లారింది. కుర్చీలోని పెంటవ్వ తెలియకుండానే చీర కొంగు సర్దుకుంది.

"మంచిగనే పెట్టిండు," అంది. అంతలోనే గట్టిపడి, "ఇప్పుడు మీ నాయిన స్పీడ్ పెట్టు బిడ్డా," అంది.

శ్రద్ధ గీతను తండ్రి ఉంచిన చోటికి జరిపింది. ఈసారి గళ్లు మొహం మీద కాక భుజం మీద వచ్చాయి, వేదిక మీద వెనక నిలబడ్డ ఉమాబాయి తల మీద కూడా రెండు ఎర్ర గళ్లు కూర్చున్నాయి. అది చూసి ఉమాబాయి ఊపిరి పీల్చుకుంది. తన తల మీద గళ్లు చూసి అంత సంతోషించిన మనిషిని భాగ్యవతి అంతకుముందు చూడలేదు.

"నాకు గూడ వచ్చినయి, చూడు వదినె," అంది ఉమాబాయి.

పెంటవ్వ చూసింది. కోపం దిగిపోయింది గాని, విచారణ పూర్తి కాలేదు. "బిడ్డా, సీన్మ మొత్తం కావాలంటె కంపెనీ స్పీడ్‌ల ఎంతసేపు పడ్తది?"

"యాభై నిమిషాలు."

"మీ నాయిన స్పీడ్‌ల?"

శ్రద్ధ తండ్రి వైపు చూసింది. అతను కూలర్ వైపు చూస్తున్నాడు. "నలభై నాలుగు," అంది.

పెంటవ్వ వేళ్ల మీద లెక్క కట్టింది. కట్టి, చాయ్ కప్పు కింద పెట్టింది.

"ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల కోసం నా మొఖం తీసేసినవా, వెంకటీ? నేను పొద్దుగాల బస్సుల పోతే, ఇంక బతికున్నన్ని దినాలు ఈమె గడప తొక్కకపోదును. ఆ ఆరు నిమిషాలు మిగిల్చుకోని ఏం జేసినవు?"

వెంకటి నిజంగానే ఆలోచించాడు. ఆ ఆరు నిమిషాల్లో అతను కార్డు ఎంత వేడెక్కిందో చూస్తూ కూర్చున్నాడు. లేచి కూలర్‌ను కొంచెం పెంటవ్వ వైపు తిప్పాడు. భాగ్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె నవ్వు అక్కడి నుంచి వినపడింది. ఆమెతో మొదలై ఉమాబాయికి, ఉమాబాయి నుంచి పెంటవ్వకు పాకింది. వదినా మరదళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో ఒకే వైపు మొహం పెట్టుకుని, గళ్ల సంగతే చెప్పుకుంటూ వెళ్లారు. కొత్త పెన్‌డ్రైవ్ పెంటవ్వ సంచిలో ఉంది.

వెంకటి మాత్రం ఆ తర్వాత కొన్నాళ్లు మనిషి మనిషిలా లేడు. మారోతి మోపెడ్ మీంచి పడ్డప్పుడు గానీ, పప్పు కప్పుకు అంటినప్పుడు గానీ, నష్టపోయింది తానూ తనవాళ్లే. ఈసారి వేరేవాళ్ల ఇంట్లో వదినా మరదళ్ల మధ్య బంధుత్వం తెగబోయింది. కార్డును కంపెనీ స్పీడులోనే ఉంచి పని చేసుకునేవాడు. పని అయ్యేవరకు గుమ్మంలో కూర్చుని రోడ్డు మీద పోయేవాళ్లను చూసేవాడు. భాగ్యవతికి కూలర్ తిరిగొచ్చింది. అయినా అతను అలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆమెకే తోచలేదు.

"ఓ బిడ్డా, మీ నాయినకు ఏదన్న ఒకటి చెప్పు. ఆ కుక్కరన్న ఇస్త ఒకనాడు, ఖరాబ్ చేస్కుంటె చేస్కోని," అంది కూతురితో.

కుక్కర్ దాకా రానివ్వకుండా శ్రద్ధ తండ్రిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"బాపూ, ఇంకో సంగతున్నది. దీన్ని అండర్‌వోల్ట్ అంటరు. కంపెనీల లక్షల కార్డులు తయారైతయి గద, అన్ని ఒక్క తీరుగ ఉండయి. కొన్నిటికి జర ఎక్కువ కరెంటు ఇస్తెనే నడుస్తయి. గందుకని కంపెనోడు అన్నిటికి ఎక్కువే పెట్టి పంపిస్తడు. మన కార్డుకు అంత అవసరం లేదు. తగ్గిస్తె గూడ స్పీడ్ అంతే ఉంటది. వేడి తగ్గుతది."

వెంకటి కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. "ఎక్కువ పెట్టిండా? కంపెనోడు మనకు ఎక్కువిచ్చిండా?"

"అవును."

ఇది అతనికి మింగుడు పడని మాట. కంపెనీ దాచుకుంటుందని నమ్మి ఇంతకాలం బతికినవాడికి, కంపెనీ అడక్కుండానే ఎక్కువ ఇస్తోందంటే ఎక్కడ నిలబడాలో తెలియలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. కిటికీ దగ్గర ఆగాడు. తిరిగి వచ్చేటప్పటికి మొహంలో వెలుగు వచ్చింది.

"ఆ ఎక్కువ కరెంటుకు బిల్లు ఎవడు కడ్తున్నడు?"

"మనమే."

"గట్ల చెప్పు మరి," అని కుర్చీ లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు కలిసి గీతను కిందికి జరిపారు. కొంచెం తగ్గించడం, పరీక్ష ప్రోగ్రాం గంటసేపు నడపడం, మళ్లీ కొంచెం తగ్గించడం. ఈసారి "ఇంకో జర్ర" అనే ముందు వెంకటి గంటసేపూ తెర ముందే కూర్చుని, చుక్క కోసం కళ్లు చికిలించి చూశాడు. చివరికి కార్డు కంపెనీ స్పీడులోనే నడుస్తూ, ఫ్యాను తిరుగుతోందో లేదో అనుమానం వచ్చేంత నిశ్శబ్దంగా ఉంది. డబ్బా పక్కరేకు మళ్లీ బిగించాడు. దాని మీద చెయ్యి పెట్టి చూసి, భాగ్యవతిని పిలిచి ఆమె చేత కూడా పెట్టించాడు. ఆమె చెయ్యి పెట్టి, సల్లగనే ఉన్నదని ఒప్పుకుంది. మరుసటి నెల కరెంటు బిల్లు ఎంత తగ్గిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు, ఎందుకంటే కూలర్ మనుషుల కోసం రోజంతా తిరిగింది. అయినా ఆ బిల్లును వెంకటి వీధిలో నలుగురికి చూపించాడు.

ఇప్పుడతను శనివారాలు అభయ్ దుకాణంలో కూర్చుంటాడు. ఎవరూ పిలవలేదు. అయినా గ్రాఫిక్స్ కార్డు కోసం వచ్చేవాళ్లు ముందు అతని దగ్గర ఆగుతారు. మూడు ఫ్యాన్లదానికీ రెండు ఫ్యాన్లదానికీ తేడా, ఏది పైకి పోతుంది, ఏది కిందికి దిగుతుంది, పెట్టిన ప్రతి రూపాయికీ ఏది ఎంత పని చేస్తుంది, అన్నీ అతను ఓపికగా విప్పి చెబుతాడు. కొందరు అంతా విని, లైట్లు బాగున్నాయని మూడు ఫ్యాన్లదే కొనుక్కుపోతారు. అలాంటప్పుడు అభయ్ నవ్వు ఆపుకోవడానికి బిల్లు పుస్తకంలోకి తల దించుకుంటాడు.

మొన్న శనివారం దెగ్లూర్ నుంచి ఒక ఫ్లెక్స్ బ్యానర్ల అతను వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే దుకాణం ఫోన్ మోగింది. అవతల భాగ్యవతి.

"కాకా, పార్టీ వచ్చి కూర్చున్నదంట. కాకూ రమ్మంటున్నది," అన్నాడు అభయ్ ఫోన్ చేత్తో మూసి.

"వస్తున్న అని చెప్పు," అని వెంకటి ఫ్లెక్స్ అతన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. "కార్డు సంగతి తర్వాత మాట్లాడుదం. ముందుగాల వేడి సంగతి చెప్పు. నీ దుకాన్ మీద స్లాబున్నదా, రేకులా?"